పాత చెరువు కట్టల భద్రత: ఆయకట్టు రైతులు ఏం చూడాలి, ఏం చేయాలి

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాల్లో మనం వాడుకుంటున్న పెద్ద చెరువుల్లో చాలావరకు విజయనగర కాలం నాటివి. బుక్కపట్నం చెరువుకు బుక్కరాయల పేరు నిలిచింది. ధర్మవరం చెరువును క్రియాశక్తి ఒడయరు కట్టించాడని, తల్లి ధర్మాంబ పేరు మీద ఊరు వెలసిందని స్థానికంగా చెప్పుకుంటారు. పెన్న నీటిని పెనుకొండకు మళ్లించడానికి 1388లో సింగయ భట్టు అనే జలసూత్రధారి చేత కాలువ తవ్వించినట్టు శాసనం ఉంది. ఆరు వందల ఏళ్లుగా ఈ కట్టలు నిలబడ్డాయంటే మట్టి గట్టిదని మాత్రమే కాదు, ప్రతి తరంలోనూ ఎవరో ఒకరు వాటిని చూసుకుంటూ వచ్చారని అర్థం.

ఆ చూసుకునే ఏర్పాటు ఇప్పుడు బలహీనపడింది. కట్ట మరమ్మతు కోసం ఇచ్చిన దశబంధం ఇనాములు పోయాయి. నీరుగంటి ఉన్న ఊళ్లు తగ్గిపోయాయి. చాలా ఏళ్లు చెరువులు ఎండిపోయి ఉండటంతో కట్ట మీదికి వెళ్లే పని కూడా లేకపోయింది. ఇప్పుడు పరిస్థితి మారింది. శ్రీశైలం నీరు హంద్రీ-నీవా ద్వారా గొల్లపల్లి జలాశయానికి, అక్కడి నుంచి కాలువల ద్వారా హిందూపురం, లేపాక్షి వైపు చెరువులకు వస్తోంది. 2021, 2022 సంవత్సరాల్లో భారీ వానలకు ఎన్నో చెరువులు మరువ పారాయి. ఏళ్ల తరబడి ఎండి, బీటలు వారి, కంప చెట్లు మొలిచిన కట్ట మీద ఒక్కసారిగా నిండు చెరువు బరువు పడుతోంది.

మట్టి కట్ట చాలాసార్లు తెగే ముందు కొన్ని గుర్తులు చూపిస్తుంది. ఆ గుర్తులు మొదట కనపడేది కట్ట కింద పొలం ఉన్న రైతుకే. వాటిని ఎలా గుర్తుపట్టాలో, కనపడితే ఏం చేయాలో, ఏం చేయకూడదో ఈ వ్యాసంలో తెలుసుకుందాం.

కట్ట ఎందుకు తెగుతుంది?

మట్టి కట్టలు తెగడానికి ప్రధానంగా రెండు కారణాలు.

మొదటిది, నీరు కట్ట మీదుగా పొర్లడం. మరువ సామర్థ్యం కంటే ఎక్కువ వరద వచ్చినా, మరువ మూసుకుపోయినా నీరు కట్ట ఎక్కుతుంది. పైనుంచి కిందికి దూకే నీరు కట్ట వెనుక వైపు మట్టిని కోసుకుంటూ పోతుంది. మట్టి కట్ట దీన్ని ఎక్కువ సేపు తట్టుకోలేదు. 2021 నవంబరు 19న కడప జిల్లా రాజంపేట దగ్గర చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టులో జరిగింది ఇదే. గేట్లు వదలగలిగిన దాని కంటే ఎక్కువ వరద వచ్చింది. మట్టి కట్ట కొట్టుకుపోయింది. దిగువ ఊళ్లలో పదుల మంది ప్రాణాలు పోయాయి.

రెండోది, కట్ట లోపల నీరు దారి చేసుకోవడం. ఎండ్రకాయ బొరియ, పందికొక్కు కన్నం, కుళ్లిన చెట్టు వేరు, తూము పక్కన సందు, ఇలా ఏదో ఒక దారిన నీరు లోపలికి చేరుతుంది. వెనుక వైపు బయటపడేటప్పుడు మట్టి రేణువులను తనతో తెస్తుంది. దారి రోజురోజుకూ వెడల్పవుతుంది. చివరికి బుంగ పడి, పైన కట్ట కుంగి, గండి పడుతుంది.

మూడోది కూడా ఉంది గాని అరుదు. కట్ట వాలు జారడం. కట్ట పూర్తిగా నానినప్పుడు వెనుక వైపు, చెరువు నీటిని ఒక్కసారిగా ఖాళీ చేసినప్పుడు లోపలి వైపు మట్టి జారవచ్చు.

మరువ సంగతి ముందు చూడండి

కట్టను కాపాడేది మరువ. మన ప్రాంతంలో సంవత్సరానికి పడే వాన తక్కువే. కానీ అందులో ఎక్కువ భాగం సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో, కొన్నిసార్లు రెండు మూడు రోజుల్లోనే పడుతుంది. 100 ఎకరాల పరీవాహకంలో 100 మిల్లీమీటర్ల వాన పడి, అందులో సగం పారినా సుమారు 2 కోట్ల లీటర్ల నీరు చెరువులోకి వస్తుంది. చాలా చెరువుల పరీవాహకం వందల, వేల ఎకరాలు ఉంటుంది. అంత నీరు పోవడానికి దారి మరువ ఒక్కటే.

అందువల్ల ఈ పనులు ఎట్టి పరిస్థితిలోనూ చేయవద్దు:

- ఇంకో అడుగు నీరు నిలుస్తుందని మరువ మీద ఇసుక బస్తాలు, రాళ్లు, చెక్కలు పెట్టవద్దు. మరువ ఎత్తు ఒక అడుగు పెంచితే కట్టకు వరద సమయంలో ఉండాల్సిన ఖాళీ ఎత్తు ఒక అడుగు తగ్గిపోతుంది.
- చేపలు పోకుండా మరువకు అడ్డంగా వలలు, ఇనుప జాలీలు కట్టనివ్వవద్దు. వరదలో కొట్టుకొచ్చే కంప, గుర్రపుడెక్క, చెత్త ఆ వలకు పట్టుకుని మరువ ఆనకట్టలా మారుతుంది. చేపల హక్కు పొందినవారితో ఈ విషయం ముందే మాట్లాడి, సంఘం తీర్మానంలో రాయించండి.
- మరువ నుంచి వాగు వరకు ఉండే కాలువను సాగు చేయవద్దు, పూడ్చవద్దు. పదేళ్లు నీరు పారలేదని అందులో పంట పెట్టిన చోట, పదకొండో ఏడు వరద వేరే దారి వెతుక్కుంటుంది.

కట్ట ఎత్తు మీరే కొలవవచ్చు

కట్ట ఎత్తు అంటే సగటు ఎత్తు కాదు. కట్ట మీద అన్నిటికంటే పల్లంగా ఉన్న చోటే దాని అసలు ఎత్తు. నీరు మొదట పొర్లేది అక్కడి నుంచే. బండ్లు, ట్రాక్టర్లు కట్ట ఎక్కి దిగే దారులు, పశువులు దిగే బాటలు, పాత గండి పూడ్చిన చోట్లు సాధారణంగా కుంగి ఉంటాయి.

చెరువు మరువ మట్టానికి నిండి, గాలి లేని ఉదయం వేళ కొలవండి. అప్పుడు నీటి మట్టమే మీకు సరైన కొలబద్ద. కట్ట పొడవునా ప్రతి 50 అడుగులకు ఒకచోట, నీటి మట్టం నుంచి కట్ట పైభాగం వరకు నిలువు ఎత్తు ఎంత ఉందో కర్రతో, తాడుతో కొలిచి పుస్తకంలో రాసుకోండి. మిగతా చోట్ల 5 అడుగులు ఉండి ఒకచోట 3 అడుగులే ఉంటే, ఆ చోటును నీరు తగ్గాక పొరలు పొరలుగా మట్టి వేసి, దిమ్మిస చేసి సరిచేయించాలి.

చెరువు ఎండి ఉంటే, తాపీ మేస్త్రీలు వాడే పారదర్శకమైన నీటి గొట్టంతో మరువ మట్టాన్ని కట్ట మీదికి తెచ్చుకుని కొలవవచ్చు.

ఊట నీరు: తేటగా ఉందా, బురదగా ఉందా?

చెరువు నిండాక రైతులు ఎక్కువగా అడిగే ప్రశ్న ఇది: "కట్ట వెనుక చెమ్మ వస్తోంది, ప్రమాదమా?" మట్టి కట్టకు కొంత ఊట సహజం. ఊట ఉండటం కంటే, అది ఎలా ఉంది, ఎలా మారుతోంది అన్నదే ముఖ్యం. మూడు విషయాలు చూడండి.

*రంగు.* గాజు గ్లాసులో గాని, తెల్లటి ప్లాస్టిక్ సీసాలో గాని ఊట నీరు పట్టండి. అరగంట కదపకుండా ఉంచండి. నీరు తేటగా ఉండి, అడుగున ఏమీ పేరుకోకపోతే కట్టలోని మట్టి కదలడం లేదని అర్థం. నీరు మసకగా ఉన్నా, అడుగున మట్టి పేరుకున్నా కట్ట లోపలి నుంచి కరిగిపోతోంది. ఇది అత్యవసరం.

*పరిమాణం.* ఊట నీటిని చిన్న కాలువగా ఒకచోటికి చేర్చి, 20 లీటర్ల బకెట్ ఎంత సేపట్లో నిండుతుందో చూడండి. 40 సెకన్లలో నిండితే సెకనుకు అర లీటరు. తేదీ, చెరువు నీటి మట్టం, బకెట్ నిండిన సమయం, ఈ మూడూ రాయండి. చెరువు మట్టం పెరిగితే ఊట కొంత పెరగడం మామూలే. మట్టం అంతే ఉండగా ఊట పెరిగితే ప్రమాద సూచన. మట్టం అలాగే ఉండి ఊట ఉన్నట్టుండి ఆగిపోయినా సంతోషించవద్దు. లోపల దారి కూలి, నీరు ఇంకో చోట బయటపడే అవకాశం ఉంది. చుట్టుపక్కల వెతకండి.

*చోటు.* కట్ట మొదలు దగ్గర విశాలంగా కాస్త చెమ్మ ఉండటం వేరు, ఒకే చోట ధారగా రావడం వేరు. కట్ట వాలు మధ్యలో తడి కనపడినా, తూము పక్క నుంచి నీరు వచ్చినా, కింది పొలంలో నీరు బుడగలతో, ఇసుకతో ఉబికినా వెంటనే కబురు చేయాలి. ఎండాకాలంలో కట్ట వెనుక ఒకచోట మాత్రమే తుంగ, జమ్ము పచ్చగా పెరిగి ఉంటే అక్కడ ఊట ఉందని గుర్తు.

మీ కట్ట మట్టి చౌడుదా?

కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు దగ్గర 1369 నాటి శాసనం ఉంది. మంచి చెరువుకు ఉండాల్సిన 12 అంగాలను, చెరువుకు వచ్చే 6 దోషాలను అందులో చెప్పారు. కట్ట నుంచి నీరు కారడం, చౌడు నేల, ఈ రెండూ ఆ దోషాల్లో ఉన్నాయి. ఆనాటివారు అనుభవంతో చెప్పిన మాట నేటి మట్టి శాస్త్రానికీ సరిపోతుంది. సోడియం ఎక్కువగా ఉన్న చౌడు మట్టి ఎండినప్పుడు రాయిలా ఉంటుంది. నీరు తగలగానే రేణువులు విడిపోయి పాలలా కరిగిపోతుంది. అలాంటి మట్టిలో చిన్న సందు కూడా త్వరగా పెద్ద బుంగ అవుతుంది.

ఇంట్లోనే పరీక్షించవచ్చు. కట్టలో నాలుగైదు చోట్ల, పైపొర తీసేసి అడుగు లోతు నుంచి మట్టి తీయండి. శనగ గింజంత ఉండను గాజు గ్లాసులోని వాన నీటిలో మెల్లగా వదలండి. బోరు నీరు వాడవద్దు, అందులోని లవణాల వల్ల ఫలితం తప్పుగా రావచ్చు. గంట తర్వాత చూడండి. ఉండ విరిగి కుప్పగా పడి, పై నీరు తేటగా ఉంటే ఫర్వాలేదు. ఉండ చుట్టూ పాల మబ్బులా వ్యాపించి, నీరంతా మసకబారితే అది కరిగే మట్టి. ఆ కట్టకు ఊట వస్తే మరింత అప్రమత్తంగా ఉండాలి. మరమ్మతుకు అదే మట్టి వాడకూడదు. ఇలాంటి మట్టికి జిప్సం గాని సున్నం గాని కలిపి గట్టిపరిచే పద్ధతి ఉంది. మోతాదు మాత్రం మట్టి పరీక్ష తర్వాత ఇంజినీరే నిర్ణయించాలి.

చెట్లు, బొరియలు, పుట్టలు

కట్టకు మంచి కవచం గరిక. వేళ్లు పైపొరలోనే అల్లుకుని వాన కోత నుంచి కాపాడతాయి. కోత పడే వాలు మీద వట్టివేరు వరుసలుగా నాటడం కూడా మేలే. సర్కారు తుమ్మ, వేప, రావి, మర్రి వంటివి కట్ట మీద పెరగకూడదు. వాటి వేళ్లు లోతుకు పోతాయి. చెట్టు చచ్చాక వేరు కుళ్లి, కట్టలో గొట్టంలాంటి ఖాళీ మిగులుతుంది. గాలివానకు పెద్ద చెట్టు కూలితే కట్టలో పెద్ద ముక్కే లేచిపోతుంది.

- మొలక దశలోనే, చెరువు ఎండి ఉన్నప్పుడు వేళ్లతో సహా పీకి, గుంతను మంచి మట్టితో పూడ్చి దిమ్మిస చేయండి.
- బొటనవేలి కంటే లావు కాండం ఉన్న చెట్లను పైపైన నరికి వదిలేస్తే వేరు లోపలే ఉండి కుళ్లుతుంది. తవ్వి తీసి పూడ్చాలి.
- బాగా పెద్ద చెట్లను చెరువులో నీరు ఉండగా పెకలించవద్దు. ఇంజినీరు చూసి చెప్పిన తర్వాతే, వేసవిలో తీయాలి.
- బొరియలను పైన ఒక గంప మట్టితో మూయడం వల్ల లాభం లేదు. నీరు లేని కాలంలో చివరి వరకు తవ్వి, తడిమట్టిని 6 అంగుళాల పొరలుగా వేసి ప్రతి పొరనూ కుదించాలి. చెద పుట్టలకూ ఇదే పద్ధతి.

లోపలి వైపు రాతి పేర్పు అలల నుంచి కట్టను కాపాడుతుంది. ఇళ్ల పునాదులకు ఆ రాళ్లు తీసుకెళ్లడం కొన్ని ఊళ్లలో అలవాటైంది. ఒక రాయి కదిలితే దాని పైవరుస జారుతుంది. వెంటనే తిరిగి పేర్పించండి.

రైతులే తెచ్చిపెట్టే ప్రమాదాలు

కొన్ని పనులు అవసరం కొద్దీ మనమే చేస్తుంటాం. వాటి ఫలితం కింది ఊరంతా అనుభవించాల్సి వస్తుంది.

- మోటారు పైపు కోసం కట్టకు అడ్డంగా కోత పెట్టవద్దు. పూడ్చినా పైపు వెంట నీరు దారి చేసుకుంటుంది.
- పూడికమట్టి మన ఎర్రనేలలకు మంచిదే. కానీ కట్ట మొదలును ఆనుకుని తవ్వవద్దు. ఎంత దూరం వదలాలో ఇంజినీరు గుర్తులు పెట్టిన తర్వాతే జేసీబీ దింపండి. కట్ట వెనుక వైపూ గుంతలు, బావులు తవ్వకూడదు.
- తూము షట్టర్ పనిచేయకపోతే కట్టకు గండి కొట్టి నీరు వదిలే ఆలోచన మానండి. షట్టర్‌కు జూన్‌లోనే గ్రీజు పెట్టించి, పూర్తిగా ఎత్తి దించి చూడండి.
- పట్టణాల దగ్గరి చెరువు కట్టలు ఇప్పుడు షికారు చోట్లుగా మారాయి. నడక బాట మంచిదే, రోజూ పదిమంది కళ్లు కట్ట మీద ఉంటాయి. కానీ దీపస్తంభాలకు, బెంచీలకు, షెడ్లకు కట్టలో గుంతలు తవ్వే ముందు జలవనరుల శాఖ అనుమతి ఉందో లేదో అడగండి. నీడ కోసం కట్ట మీద చెట్లు నాటనివ్వవద్దు. వినాయక నిమజ్జనం సరిగ్గా చెరువులు నిండే కాలంలో వస్తుంది. క్రేన్లు, లోడు ట్రాక్టర్లు తడిసిన కట్ట ఎక్కకుండా వేరే చోట దారి ఏర్పాటు చేయించండి.

ప్రమాదం కనపడితే ఏం చేయాలి?

బురద ఊట, కట్ట పొడవునా కొత్త బీట, కట్ట మీద గుంత, వాలు జారడం, చెరువు నీటిలో కట్ట దగ్గర సుడి, వీటిలో ఏది కనపడినా తెల్లారే దాకా ఆగవద్దు.

1. ముందు మనుషులు. కింది ఊరికి, వాగు ఒడ్డున ఉన్న ఇళ్లకు, బోరు షెడ్లలో పడుకునే రైతులకు, గొర్రెల మందల వారికి కబురు చేయండి. ఆ తర్వాతే మరమ్మతు ఆలోచన.
2. నీటి సంఘం, గ్రామ సచివాలయం, జలవనరుల శాఖ ఏఈకి చెప్పండి. 112 గాని, రాష్ట్ర విపత్తు నియంత్రణ కేంద్రం 1070 గాని పని చేస్తాయి. వాగు మీద రోడ్డు వంతెన, రైలు పట్టా ఉంటే ఆ విషయం కూడా చెప్పండి. 2005 అక్టోబరు 29న నల్గొండ జిల్లా వలిగొండ దగ్గర, ఎగువన చెరువు తెగిన నీటికి రైలు పట్టా కింద మట్టి కొట్టుకుపోయి ప్యాసింజరు రైలు పడింది. 100 మందికి పైగా చనిపోయారు.
3. బురద ఊట వచ్చే చోటును వెనుక వైపు బంకమట్టితో మూయవద్దు. లోపల ఒత్తిడి పెరిగి ఇంకో చోట పగులుతుంది. ఊట చుట్టూ ఇసుక బస్తాలతో బావి ఒరలా గుండ్రంగా కట్టండి. అందులో ముందు ఇసుక, దాని మీద సన్న కంకర, ఆపైన పెద్ద కంకర వేయండి. నీరు పోవాలి, మట్టి మాత్రం పోకూడదు. ఈ పని ఊట చిన్నగా ఉన్నప్పుడు, ఇంజినీరు సలహాతో చేయాలి. నీరు ధారగా చిమ్ముతుంటే దగ్గరికి వెళ్లవద్దు.
4. లోపలి వైపు నీరు పీల్చే రంధ్రం కనపడితే బంకమట్టి బస్తాలు, టార్పాలిన్ అక్కడ వేయాలి. సుడి ఉన్నచోట నీటిలోకి మనిషి దిగకూడదు.
5. తూము తెరిచి నీటి మట్టం తగ్గించాలి. ఊట తూము పక్క నుంచే వస్తుంటే మాత్రం ఇంజినీరు చెప్పే వరకు తూము ముట్టుకోవద్దు. నీటిని ఎంత వేగంగా తగ్గించాలో కూడా అధికారులే నిర్ణయించాలి.
6. గొలుసుకట్టులో కింద ఉన్న చెరువుల వారికి తప్పక చెప్పండి. పై చెరువు తెగితే ఆ నీరంతా కింది చెరువు మీద పడుతుంది.

2021 నవంబరు 21న తిరుపతి దగ్గర రామచంద్రాపురం మండలం రాయలచెరువు కట్టకు లీకు కనపడింది. అది కూడా విజయనగర కాలం నాటి చెరువే. కింది ఊళ్లను ఖాళీ చేయించి, కట్టను గట్టిపరిచారు. కట్ట నిలిచింది. రెండు రోజుల ముందే చెయ్యేరులో జరిగిన నష్టం అక్కడ జరగలేదు. లీకు గమనించడం, ఆ మాట సమయానికి చెప్పడం ఎంత ముఖ్యమో దీన్నిబట్టి అర్థం చేసుకోవచ్చు.

ఏడాది పనుల పట్టిక

- ఏప్రిల్–మే: కంప తొలగింపు, బొరియల పూడ్పు, పల్లపు చోట్ల మట్టి పని, రాతి పేర్పు. ఉపాధి హామీ పనుల్లో పెట్టించడానికి గ్రామసభలో ముందే అర్జీ ఇవ్వండి.
- జూన్: తూము షట్టర్, మరువ, మరువ కాలువ, వరద వచ్చే కాలువల తనిఖీ.
- జూలై–ఆగస్టు: చెరువుకు కాలువ నీరు వదిలితే ఒకేసారి నింపవద్దని కోరండి. చాలా కాలం ఎండిన కట్టను మెల్లగా నాననివ్వాలి. సగం నిండాక కొన్ని రోజులు ఆగి, కట్ట వెనుక వైపు చూసి, తర్వాత నింపాలి.
- సెప్టెంబరు–డిసెంబరు: వారానికి రెండుసార్లు, మరువ పారే రోజుల్లో పగలూ రాత్రీ వంతులవారీ కాపలా. ఇద్దరు కలిసి వెళ్లాలి. ఒకరు కట్ట పైన, ఒకరు కట్ట కింద నడవాలి. పైన నడిచేవారికి కింది ఊట కనపడదు.
- జనవరి–మార్చి: ఆ ఏడాది రాసుకున్న కొలతలతో మరమ్మతుల జాబితా తయారు చేసి సంఘానికి, శాఖకు రాతపూర్వకంగా ఇవ్వండి. ఒక నకలు మీ దగ్గర ఉంచుకోండి.

బాధ్యత ఎవరిది?

2021 నాటి జాతీయ డ్యాం భద్రతా చట్టం 15 మీటర్లకు మించిన ఎత్తు ఉన్న డ్యాములకు, 10 నుంచి 15 మీటర్ల మధ్య ఉండి కొన్ని షరతులకు సరిపోయే వాటికి వర్తిస్తుంది. మన ఊరి చెరువు కట్టలు చాలావరకు అంతకంటే తక్కువ ఎత్తువే. పెద్ద డ్యాములకు ఉండే తనిఖీ బృందాలు వీటి దగ్గరికి రావు. 1997 చట్టం కింద ఏర్పడిన నీటి వినియోగదారుల సంఘాలకు 2024 డిసెంబరులో మళ్లీ ఎన్నికలు జరిగాయి. మీ సంఘం అధ్యక్షుడిని, మీ చెరువు ఏ విభాగం కింద ఉందో, బాధ్యుడైన ఏఈ ఎవరో అడిగి తెలుసుకోండి. ఆ ఫోన్ నంబర్లు తూము గోడ మీద, సచివాలయం గోడ మీద పెయింటుతో రాయించండి. రాత్రి పూట నంబరు కోసం వెతికే పరిస్థితి రాకూడదు.

రెండు వందల పేజీల నోటు పుస్తకం, ఒక టార్చిలైటు, ఒక బకెట్, కొలత కర్ర, గాజు గ్లాసు. కట్టను చూసుకోవడానికి రైతుకు కావాల్సిన సామాను ఇంతే. ఈ వర్షాకాలానికి ముందు మీ సంఘం సమావేశంలో కాపలా వంతుల జాబితా తయారు చేసుకోండి.